ఓరెల్ లిజోట్ ఇచ్చిన రెండు మాటలు

ఓరెల్ లిజోట్‌కి రాజకీయాలంటే గిట్టవు. సెయింట్ జాన్ నదికి ఇవతలి గట్టున, అవతలి గట్టు కెనడా అయిపోయే చోట, అతనికి తాతల నాటి బంగాళాదుంపల పొలం ఉంది. ఆ లోయలో ఏ ఇంట్లో చూసినా ఫ్రెంచే. అయినా బళ్ళో మాత్రం ఇంగ్లీషు తప్ప మరో ముక్క వినిపించకూడదని అమెరికాలోని ఆ మెయిన్ రాష్ట్రంలో అప్పట్లో కట్టడి ఉండేది. పాఠం ఇంగ్లీషులో చెప్పాలంటే సరే అనుకోవచ్చు. ఆటల దగ్గర కూడా పిల్లలు ఒకళ్ళనొకళ్ళు ఇంగ్లీషులోనే తిట్టుకోవాలట. తిట్లు రాని భాషలో పోట్లాట ఎలా సాగుతుందో ఆ పెద్దమనుషులు ఆలోచించినట్టు లేదు.

ఓరెల్ బళ్ళో చేరిన కొత్తల్లో, బయటికి వెళ్ళొస్తానని అడగడానికి ఇంగ్లీషు రాక ఫ్రెంచిలోనే అడిగాడు. టీచరమ్మ విననట్టు తల తిప్పుకుంది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ తిప్పుకుంది. పిల్లాడు కూర్చున్న బెంచీ మీదే తడిపేసుకున్నాడు. ఈ సంగతి పెద్దయ్యాక అతను ఒక్క మనిషికే చెప్పుకున్నాడు. ఆ మనిషి భార్య లియోనీ. ఆవిడ నవ్వలేదు, జాలీ పడలేదు. ఆ బెంచీ ఇంకా ఉందని మాత్రం చెప్పింది. ఆవిడ అదే బళ్ళో టీచరు.

లియోనీ బడి నడిపే పద్ధతి వేరు. తలుపు మూసి, చిన్న తరగతులకు లెక్కలు ఫ్రెంచిలోనే చెప్పేది. వీధిలో ఇన్‌స్పెక్టరు కారు చప్పుడైతే చేతిలోని రూళ్ళకర్రతో బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టేది. ఆ ఒక్క దెబ్బకి గది మొత్తం ఇంగ్లీషులోకి మారిపోయేది. ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చి, ఇంత దూరపు ఊళ్ళో పిల్లలు ఇంత చక్కగా మాట్లాడుతున్నారేమిటని మెచ్చుకుని వెళ్ళేవాడు. దొరికితే ఉద్యోగం పోతుంది. ఆవిడకి భయం లేదని కాదు. రాత్రి నిద్రపట్టక దొర్లేది, పొద్దున్నే వెళ్ళి మళ్ళీ తలుపు మూసేది.

లోయ తరఫున శాసనసభకు వెళ్ళే పెద్దాయన కాలం చేశాక, పార్టీ వాళ్ళు ఓరెల్ వంటింట్లోకి వచ్చి కూర్చున్నారు. నలుగురితో మంచిగా ఉండే మనిషి, అప్పుల్లేని మనిషి, నువ్వే నిలబడాలన్నారు. ఓరెల్ దుంపల పని ఉందన్నాడు. శాసనసభ నడిచేది చలికాలంలోనే కదా, మంచు కింద నీకేం పనుంటుందన్నారు. అతను ఇంకో సాకు వెతుక్కుంటూ ఉండగా లియోనీ పొయ్యి దగ్గర్నుంచి ఇటు తిరిగింది.

“వెళ్ళు. వెళ్ళి ఆ చట్టం తీయించు. ఈ రూళ్ళకర్ర దెబ్బ కొట్టీ కొట్టీ నా చెయ్యి పోయింది.”

“వెళ్తాను,” అన్నాడు ఓరెల్. “బళ్ళో మన మాట వినిపించేదాకా వదలను. నా మాట.”

వాళ్ళ భాషలో కూడా మనకులాగే పలికేదీ మాటే, ఇచ్చేదీ మాటే. అప్పుడు ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. అక్కడున్నవాళ్ళంతా కాఫీ తాగి లేచారు.

రాజధాని అగస్టాలో మొదటి ఏడు ఓరెల్‌కి నవ్వులపాలవడంతోనే మొదలైంది. లోయ వాళ్ళకి ఇంగ్లీషులో ‘త్రీ’ నోరు తిరగదు, ‘ట్రీ’ అని వస్తుంది, మూడు కాస్తా చెట్టయిపోతుంది. పాపం అతను తొలిసారి లేచి, మా మండలానికి వచ్చే రోడ్డు మీద మూడు వంతెనలు పాడైపోయాయని చెప్పబోయాడు. సభకు వినిపించింది చెట్టు వంతెనలు. ముందు వరసలో ఒకాయన, పైన్ చెట్టా బిర్చి చెట్టా అని అడిగాడు. సభంతా గొల్లుమంది. ఓరెల్ చెవులు ఎర్రబడ్డాయి. చేతిలో కాగితంలో ఆ మాట ఇంకా నాలుగుచోట్ల ఉంది.

అప్పుడు ఎదుటి పార్టీ వరసలోంచి వెండెల్ పింకమ్ లేచాడు. సముద్రతీరాన పడవలు కట్టే ముసలాయన, నాలుగు మాటలతో పోయేదానికి ఐదో మాట వాడడు. మా తీరంలోనూ వంతెనలు పాడయ్యాయి, మా యాస కూడా ఇక్కడ సగం మందికి అర్థం కాదు, ఆయన చెప్పింది నాకు మాత్రం బాగానే అర్థమైంది, అని కూర్చున్నాడు. నవ్వు ఆగింది. వంతెనలకు డబ్బు కూడా మంజూరైంది.

ఇద్దరూ ఉండేది ఒకే పూటకూళ్ళ ఇంట్లో. పొద్దున్నే బీన్స్ గిన్నె మధ్యలో పెట్టుకుని తగువు పెట్టుకునేవారు. పింకమ్‌కి ఓరెల్ అంటే ఇష్టం, ఓరెల్ తెచ్చిన బిల్లు అంటే ఒళ్ళుమంట.

“దేశం ఒకటన్నాక భాష ఒకటుండాలబ్బాయ్. రేపు మీవాడు మా ఊరొచ్చి పడవ కొంటే ఏ భాషలో బేరమాడతాడు?”

“బేరం ఇంగ్లీషులోనే ఆడతాడు పెద్దాయనా. నీ దగ్గర మోసపోయాక ఏడవడానికి సొంత భాష ఉండాలిగా.”

ముసలాయన బీన్స్ నోట్లో పెట్టుకుని నవ్వు ఆపుకోలేక దగ్గేవాడు. మర్నాడు మళ్ళీ అదే తగువు. మొదటి దఫా అంతా ఇలాగే గడిచింది, బిల్లు కమిటీ గది దాటలేదు. ఓరెల్ రెండోసారి నిలబడి గెలిచాడు. ఈసారి బిల్లు సభ దాకా వచ్చింది. మెజారిటీ మాత్రం వెంట్రుకవాసి. పార్టీ నాయకుడు తలలు లెక్కపెట్టి, అటూ ఇటూ సమానంగా వస్తున్నాయని, సమానమైతే బిల్లు పోయినట్టేనని చెప్పి, దాన్ని వాయిదా వేస్తూ వచ్చాడు.

ఆ మార్చిలో పింకమ్ బీన్స్ గిన్నె మీదికి ఒరిగిపోయాడు. గుండె. అంబులెన్సులో పక్కన కూర్చున్నది ఓరెలే. రెండు రోజుల తర్వాత ముసలాయన కళ్ళు తెరిచి, మొదట అడిగింది తన పడవల సంగతి కాదు.

“అబ్బాయ్, నేను లేనని చూసి ఆ బిల్లు తెస్తారు. నాకు జత ఇస్తావా?”

జత అంటే ఆ సభలో పాత ఆచారం. ఒకడు రాలేని స్థితిలో ఉంటే, ఎదుటి పక్షంవాడొకడు అతనితో జత కడతాడు. ఓటు వేళ లేచి, ఫలానాయన ఉంటే వద్దనేవాడు, నేను ఔననేవాణ్ణి, కాబట్టి నేనూ వెయ్యను, అని చెప్పి కూర్చుంటాడు. జబ్బు మనిషి ఓటు జబ్బువల్ల పోకూడదని ఎవరో పెద్దవాళ్ళు పెట్టారు. రాత ఉండదు, సాక్షి ఉండడు. మాట మీద నడుస్తుంది.

ఓరెల్ ఆ మంచం వైపు చూశాడు. చెట్టు వంతెనల రోజు గుర్తొచ్చింది. సమావేశాలు ముగిసేలోపు బిల్లు రాకపోవచ్చనీ అనుకున్నాడు. ఇస్తాను పెద్దాయనా, అన్నాడు. పింకమ్ కళ్ళు మూసుకుని నిద్రపోయాడు.

బిల్లు వారం తిరక్కుండానే వచ్చింది. పార్టీ నాయకుడు కాలుగాలిన పిల్లిలా వరండా అంతా తిరిగి, పింకమ్ లేడు, ఒక్క ఓటుతో గెలుస్తున్నాం, రేపే పెట్టించేస్తున్నా అని ఓరెల్ భుజం తట్టాడు. ఓరెల్ జత సంగతి చెప్పాడు. నాయకుడికి ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక కోపం రాలేదు, అదే విచిత్రం. తలుపు దగ్గరగా వేసి నెమ్మదిగా చెప్పాడు. ఆయన మందుల మత్తులో ఉన్నాడు. ఆ గదిలో ఉన్నది మీరిద్దరే. నువ్వు లేచి చెబితేనే జత, లేవకపోతే అలాంటిదేమీ లేదు. నీ పేరు పిలిచినప్పుడు ఔను అను, అంతే.

సాయంత్రం ఓరెల్ ఇంటికి ఫోన్ చేశాడు. లోయలో ఒకే తీగ మీద ఐదారిళ్ళకు ఫోన్లు. ఒకరికి గంట మోగితే మిగతావాళ్ళూ ఎత్తుతారు, వింటారు, వినలేదంటారు. లియోనీకి అతను జత సంగతి చెబుతుంటే తీగ మీద ఇంకో ముగ్గురి ఊపిరి వినిపిస్తూనే ఉంది. ఎవరింట్లోదో గోడగడియారం కూడా కొట్టింది.

“అతనికి ఇచ్చావు సరే,” అంది లియోనీ చివరికి. “ముందు నాకిచ్చిన దాని సంగతేంటి?”

నిజం చెప్పాలంటే ఈ రెండో మాట ఇచ్చేటప్పుడు మొదటిది ఓరెల్‌కి గుర్తే రాలేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. గుర్తొచ్చి ఇచ్చి ఉంటే కనీసం ఆలోచించి ఇచ్చానని చెప్పుకునేవాడు.

మర్నాడు పేర్లు పిలవడానికి గుమాస్తా పుస్తకం తెరిచాడు. సభాపతి తలుపులు మూయించాడు. ఓరెల్‌కి తన బల్ల మీద చేతులు కనిపిస్తున్నాయి, గోళ్ళలో మట్టి చలికాలం కూడా పోదు. కూర్చునే ఉండొచ్చు. పేరు వచ్చేదాకా కూర్చుని ఔనంటే, రేపు లియోనీ తలుపు తీసి పాఠం చెప్పొచ్చు. ఏ పిల్లాడూ బెంచీ తడపక్కర్లేదు. దాని పక్కన ఒక ముసలాయన నిద్ర ఎంతటిదని. ఇంత లెక్కా వేసుకున్నాడు, లెక్క తప్పేమీ కాదు. అయినా అతను లేచాడు.

“పింకమ్ గారితో జతకు అనుమతి కోరుతున్నాను. ఆయనుంటే వద్దనేవారు. నేను ఔననేవాణ్ణి.”

పార్టీ నాయకుడు తల పట్టుకున్నాడు. ఓట్లు సమానంగా వచ్చాయి. బిల్లు పోయింది. పింకమ్ వచ్చి కూర్చున్నా ఇదే జరిగేదని ఎవరో ఓదార్పుగా అన్నారు. ఓరెల్ ఆ మాటే పట్టుకుని ఇంటిదాకా ప్రయాణం చేశాడు. ఇల్లు చేరాక అది ఎందుకూ పనికిరాలేదు.

లియోనీ అరవలేదు, ఏడవలేదు. అతను కోటు విప్పుతుండగా వంటింట్లోంచి ఇంగ్లీషు వినిపించింది. ఆవిడ ఇంగ్లీషు బడి పుస్తకంలోంచి ఊడిపడ్డట్టుంటుంది, మన గ్రాంథికం లాగా.

“శ్రీయుత లిజోట్ గారూ, భోజనము సిద్ధముగా నున్నది.”

ఇదేమిటని అతను ఫ్రెంచిలో అడిగాడు. లియోనీ విననట్టు తల తిప్పుకుంది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ తిప్పుకుంది. ఆ తల తిప్పడం అతనికి ఎక్కడ తగిలిందో ఈ లోకంలో ఆవిడ ఒక్కదానికే తెలుసు. తెలిసే చేసింది. ఆ క్షణంలో ఆవిడ కూరలో ఉప్పు రెండుసార్లు వేసిందని కూడా చెప్పాలి, లేకపోతే ఆవిడకి అన్యాయం చేసినవాణ్ణవుతాను.

“బడియందు ఏ భాష నిలుచునట్లు మీరు చేసితిరో, ఇంటియందును అదియే నిలుచుగాక.”

అలా ఆ ఇంట్లో ఇంగ్లీషు కాలం మొదలైంది. ఉప్పు అందుకోవాలన్నా ఇంగ్లీషు, పొయ్యిలోకి కట్టెలు కావాలన్నా ఇంగ్లీషు. ఓరెల్ ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి ఇంట్లో మాటలే తగ్గిపోయాయి. పెళ్ళాం మొగుడు కొట్టుకున్నా బాగుండును, కనీసం అందులో చనువుంటుంది. ఆవిడ మర్యాదగా ఉండేది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో అతన్ని గారూ అన్నది ఆ రోజుల్లోనే.

ఊరు మాత్రం ఫ్రెంచిలోనే తిట్టింది. తీగ మీద విన్న ముగ్గురూ వినలేదంటూనే ఊరంతా చెప్పారు. ఇంగ్లీషువాడికిచ్చిన మాట కోసం మన మాట అమ్ముకున్నాడన్నారు. చర్చిలో అతని పక్క సీటు ఖాళీగా ఉండేది. నవంబరు ఎన్నికల్లో కిరాణా కొట్టు వాళ్ళబ్బాయి నార్మాన్ అతని మీద నిలబడ్డాడు. మీటింగుల్లో పెద్దగా ఏమీ చెప్పేవాడు కాదు. నేను ఎవరితోనూ జత కట్టను, అనేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. ఓరెల్ చిత్తుగా ఓడాడు. లియోనీ ఓటు ఎటు వేసిందో అతను అడగలేదు. ఇంగ్లీషులో ఆ ప్రశ్న ఎలా అడగాలో అతనికి తెలీదు మరి.

పింకమ్ కోలుకుని, తన స్థానం నుంచి మళ్ళీ గెలిచాడు. క్రిస్మస్‌కి ఒక కార్డు పంపాడు. కింద సంతకం తప్ప ఏమీ లేదు. ఓరెల్ దాన్ని పొయ్యి పైన గూట్లో పెట్టాడు. లియోనీ తీసెయ్యలేదు, దుమ్ము తుడిచేటప్పుడు పక్కకి జరిపి మళ్ళీ అక్కడే పెట్టేది.

ఇంకో ఏడు తిరిగి, మరో చలికాలం కూడా గడిచి, విత్తనపు దుంపలు కోసే రోజులొచ్చాయి. దుంపల కొట్టం సగం నేలలోకి దిగి ఉంటుంది, తలుపు తీస్తే తప్ప వెలుతురుండదు. ప్రతి ముక్కకీ మొలకెత్తే కన్ను ఒకటి ఉండేలా కోయాలి. ఓరెల్‌కి ఆ పని నచ్చేది, నోరు అక్కర్లేని పని. ఓ మధ్యాహ్నం కాఫీ కోసం ఇంట్లోకి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. అవతల నార్మాన్. తనను ఓడించినవాడు ఫోన్ చేయడం ఏమిటని ఓరెల్ బిగుసుకుపోయాడు. తీగ మీద అప్పటికే నలుగురైదుగురి ఊపిరి.

నార్మాన్ గొంతులో మునుపటి దర్జా లేదు. బిల్లు ఈ రోజు మళ్ళీ సభకొచ్చిందని చెప్పాడు. మళ్ళీ సమానమే వచ్చేలా ఉంది, మా మొహాలు వాడిపోయి ఉన్నాయి. గుమాస్తా పుస్తకం తెరుస్తుంటే పింకమ్ కర్ర పట్టుకుని లేచాడు. లోయ సభ్యుడు లిజోట్‌తో జతకు అనుమతి కోరుతున్నానన్నాడు.

అలాంటి సభ్యుడు ఈ సభలో లేడని సభాపతి అన్నాడట. లేనివాడితో జత కుదరదన్నాడట. పింకమ్ ఏమన్నాడో నార్మాన్ అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు.

“లేడని నాకూ తెలుసు. రెండేళ్ళ కిందట నా కుర్చీ కూడా ఖాళీయే. అతను నా కోసం లేచి, తన కుర్చీ పోగొట్టుకున్నాడు. ఈ బిల్లు తప్పని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. అతనుంటే ఔననేవాడు. అందుకని నేను వద్దనను. మీ రూలు ఒప్పుకోకపోతే, నా పేరు పిలిచినప్పుడు నాకు చెవుడొచ్చిందనుకోండి.”

సభాపతి అనుమతి ఇవ్వలేదు. గుమాస్తా పింకమ్ పేరు పిలిచాడు, మళ్ళీ పిలిచాడు. ముసలాయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. బిల్లు ఒక్క ఓటుతో గెలిచింది. పైసభలో పేచీ లేదు, గవర్నరు సంతకం ముందే ఒప్పుకున్నదే.

“ఇదంతా నీకు నన్నే చెప్పమన్నాడు, బాబాయ్,” అన్నాడు నార్మాన్. అతను ఓరెల్‌ని బాబాయ్ అనడం అదే మొదలు. ఇంకేదో చెప్పబోయి, చేతకాక పెట్టేశాడు. తీగ మీద ఎవరో ముసలమ్మ ముక్కు చీదుకుంది. వినలేదని రేపు తనే చెబుతుంది.

ఓరెల్ కాఫీ మాట మరిచిపోయి తిరిగి కొట్టంలోకి వెళ్ళాడు. కత్తి తీసుకుని కోయడం మొదలుపెట్టాడు, కన్ను లేని ముక్కలు కూడా బుట్టలో పడ్డాయి. గెలిచామన్న సంతోషం కంటే, ఆ ముసలాయన మీద ప్రేమ అతన్ని ముంచెత్తింది. రెండేళ్ళుగా తను చేసింది ఒప్పో తప్పో తేలక నలిగిపోయాడు. ఇప్పటికీ తేలలేదు. తను ఇచ్చిన మాటను ఒక మనిషి ఇన్నాళ్ళూ దాచుకున్నాడన్నది మాత్రం తెలిసింది. ఇక లియోనీ ఏమంటుందో. బడి వదిలే వేళయింది, వార్త ఆవిడకి ఈపాటికి అంది ఉంటుంది. ఆవిడ ఇంటికి వచ్చిన చప్పుడైంది, పెనం పొయ్యి మీద పెట్టిన చప్పుడైంది, ప్లోయ్ అట్ల వాసన కొట్టం దాకా వచ్చింది. అతను లోపలికి వెళ్ళలేదు. వెళ్తే మళ్ళీ ఇంగ్లీషు వినిపిస్తుందేమోనని భయం.

కొట్టం తలుపు దగ్గర వెలుతురు తగ్గింది. లియోనీ నిలబడి ఉంది, చేతులకి పిండి, బడికి వేసుకెళ్ళిన కోటు ఇంకా ఒంటి మీదే.

“అట్లు చల్లారిపోతున్నాయి. రావయ్యా.”

ఫ్రెంచి. వంటింటి ఫ్రెంచి, తన అమ్మ మాట్లాడిన ఫ్రెంచి. ఏదో ఒకటి అనాలి కదా అని ఓరెల్ నోరు తెరిస్తే, రెండేళ్ళ అలవాటు, ఇంగ్లీషే వచ్చింది.

“వచ్చుచున్నాను.”

లియోనీ అతని వైపు చూసింది. చెయ్యెత్తి, కొట్టం తలుపు మీద వేళ్ళతో ఒక్క దెబ్బ కొట్టింది.

“వస్తున్నానే,” అన్నాడు ఓరెల్. “పద.”